సువార్తమ్మ చదివించుకున్న ఆరో నియమం

పోయిన నెల గుడివాడ దగ్గర ఒక మిత్రుడి పాడి షెడ్డులోకి అడుగు పెట్టగానే ఆ వాసన తగిలింది. తడిసిన గడ్డి, ఉమ్మనీరు, వెచ్చటి పేడ, వాటన్నిటి మీద పలచగా ఆముదం. తెల్లవారుజామున ఈనిన గేదెకు మాయ పడలేదని డాక్టరమ్మను పిలిపించారు. పాతికేళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుంటూ, "మీరు బయట కూర్చోండి సార్, అయ్యాక పిలుస్తాను" అంది. బయట కుర్చీ వేశారు గానీ నేను కూర్చోలేకపోయాను. షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఒంట్లో బాగాలేదా అని మిత్రుడు అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. ఆ వాసనకు నాకు సువార్తమ్మ గుర్తొస్తుంది, సువార్తమ్మ గుర్తొస్తే నేను ఒకచోట కుదురుగా ఉండలేను. ఆమెను చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసిన వాళ్ళలో చాలామంది ఆమె పేరైనా అడిగి ఎరగరు కాబట్టి వాళ్ళ కోసం కూడా.

తొంభైల మధ్యలో నేను బందరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. సాయంత్రాలు, ఆదివారాలు హేతువాద ప్రచారం. విభూతి వేళ్ళ సందున ఎలా దాస్తారో ఊరూరా చేసి చూపించాం. నిప్పుల మీద నడిచి చూపించాం. సహపంక్తి భోజనాలు పెట్టాం. మా ఇళ్ళలో భూములుండేవి, చదువులుండేవి, ఆ రెండింటి దన్నుతో ధైర్యం ఉండేది. కులం అనేది ఒక మూఢనమ్మకమని, వెలుగు పడితే చీకటి పోయినట్టు వాదన తగిలితే అది పోతుందని నా సిద్ధాంతం. దాని మీద పాతిక వ్యాసాలైనా రాసి ఉంటాను. ఒక వేసవిలో ఘంటసాల దగ్గర మా మావయ్యగారి ఊరు వెళ్ళేసరికి వాళ్ళ గేదె ఈనలేక తన్నుకుంటోంది. దూడ అడ్డం తిరిగింది. పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడు. మావయ్య పాలేరును పిలిచి, "పేటకెళ్ళి సువార్తమ్మని తీసుకురా, తొందరగా" అన్నాడు.

పాలేరు అటు వెళ్ళగానే మా అత్తయ్య కొట్టంలోకి వెళ్ళి పాల తపేలా, చెంబు, ఉట్టి మీది కుండ, అన్నీ ఇవతలికి చేరవేసింది. శుభ్రత కోసమనుకున్నాను. మనసులో మెచ్చుకున్నాను కూడా. కాసేపటికి గడ్డివామి పక్క నుంచి ఒక మనిషి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. సన్నటి చేతులు, చెంగు నడుముకి బిగించి కట్టింది. వీధి గుమ్మం వైపు చూడనైనా చూడలేదు. ఎర్ర సబ్బుతో మోచేతుల పైదాకా కడుక్కుని, ఆముదం రాసుకుని, గేదె నడుము మీద అరచెయ్యి వేసి ఏదో మాట్లాడింది. నేను నా సంస్కారం చూపించుకోవాలని ముందుకెళ్ళి, "ఏమైనా సాయం చెయ్యమంటారా సువార్తమ్మ గారూ" అన్నాను. మావయ్య దగ్గాడు.

"గారు అనబాకండి బాబూ," అంది ఆమె తల తిప్పకుండానే. "ఎవరో పెద్దమనుషులొచ్చారనుకుని గేదె బిగబట్టుకుద్ది."

ఆమె చెయ్యి భుజం దాకా లోపలికి వెళ్ళింది. కళ్ళు మూసుకుని, పుస్తకంలో పేజీ వెతుకుతున్నట్టు తడిమి చూసుకుంది. నొప్పి వచ్చినప్పుడు ఆగింది, తగ్గినప్పుడు దూడను వెనక్కి నెట్టింది. అరగంట పట్టింది. దూడ కింద పడగానే దాని ముక్కులో జిగురు వేలితో తీసి, ఒక గడ్డిపోచతో గిలిగింత పెట్టింది. అది తుమ్మింది. అప్పుడు సువార్తమ్మ కొట్టం గుంజకు వీపు ఆనించి కూలబడి ఊపిరి పీల్చుకుంది. వచ్చిన దారినే వెళ్ళిపోతుంటే మాట్లాడదామని నేనూ కాలవగట్టు దాకా వెళ్ళాను. గట్టెక్కి ఇద్దరం వెనక్కి చూశాం. మా అత్తయ్య పసుపునీళ్ళు తెచ్చి కొట్టంలో చల్లుతోంది. ఆ గుంజకు చెంబులతో నీళ్ళు పోసి కడుగుతోంది.

"చూశారా మేస్టారూ," అంది సువార్తమ్మ. "నేను గేదె లోపల దాకా చెయ్యి పెట్టా. దాన్ని కడగలా. ఆనుకున్న గుంజని కడుగుతున్నారు."

నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు ఉపన్యాసం వస్తుంది. ఇదంతా మూఢనమ్మకమని, తరతరాల అజ్ఞానమని, చదువు పెరిగితే పోతుందని చెప్పుకుపోయాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"నమ్మకం అయితే గేదెని కూడా కడగాలి కదండీ," అంది. "గేదెకి మైల అంటిందంటే రేపు పాలు తాగేదెట్టా? మీ అత్తయ్యగారికి ఏది కడగాలో ఏది కడగకూడదో బాగా తెలుసు. అజ్ఞానం మాకే లేదు, ఆమెకి ఎక్కణ్ణుంచి వచ్చిద్ది?"

నా పాతిక వ్యాసాలు ఆ కాలవగట్టు మీద తడిసిపోయాయి. కులం తెలియనితనంలోంచి పుట్టిందని నేను రాస్తూ వచ్చాను. తెలిసే చేస్తారని, ఎక్కడ అవసరమో అక్కడ మైల ఉండదని, ఎక్కడ అవసరం లేదో అక్కడ గుంజకు కూడా ఉంటుందని ఆమె ఒక్క కొట్టాన్ని చూపించి చెప్పింది.

ఆ ఏడాదే బందరులో మేం కొందరం కలిసి జీవకారుణ్య సంఘం పెట్టాం. నేను కార్యదర్శిని. అధ్యక్షుడు రంగారావు గారు, పేరున్న ప్లీడరు, ముదినేపల్లి దగ్గర పెద్ద మోతుబరి కుటుంబం. ఆయన్ని నేను చులకనగా రాయబోవడం లేదు. గుడివాడ రోడ్డు మీద లారీ కింద పడ్డ కుక్కను ఆయన తన కారాపి ఒళ్ళో పెట్టుకుని తీసుకురావడం నేను కళ్ళారా చూశాను. తెల్లటి పంచె అంతా రక్తం. ఆయన కళ్ళ వెంట నీళ్ళు. అలాంటి వాళ్ళే అందరూ, మంచివాళ్ళు. ప్లీడర్లు, డాక్టర్లు, వర్తకులు, నాలాంటి లెక్చరర్లు. మా అందరికీ జంతువుల మీద ప్రేమ ఉండేది. ఆవుకి జ్వరం వస్తే ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో మాత్రం ఒక్కరికీ తెలియదు. ఊరి చివర రేకుల షెడ్డు ఒకటి సంపాదించాం. దెబ్బలు తగిలిన ఎద్దులు, వదిలేసిన ముసలి ఆవులు, కుక్కలు చేరాయి. వాటిని చూసుకోవడానికి నేను సువార్తమ్మను పిలిపించాను. రోజూ మొదటి బస్సుకి ఘంటసాల వైపు నుంచి వచ్చి సాయంత్రం వెళ్ళేది.

ఒకరోజు పచ్చి పిల్లిపెసర విపరీతంగా మేసి కడుపుబ్బిన ఎద్దును ఎవరో తోలుకొచ్చారు. ఊపిరి అందక నాలుక బయటపెట్టింది. డాక్టరు వచ్చేదాకా ఆగేలా లేదు. డొక్కలో గొట్టపు సూది దించితే గాలి పోతుందని నాకు తెలుసు, ఆ సూది బీరువాలో ఉంది. తీసుకుని ఎద్దు ముందు నిలబడి, క్లాసు గోడ మీది పటాన్ని గుర్తు చేసుకుని, సూది ఆనించాను. సువార్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అటు కాదండీ మేస్టారూ. అటు కార్జం ఉంటది, పొడిస్తే చచ్చిపోద్ది. ఇటు రండి. ఈ ఎడం డొక్కలో చెయ్యి వేసి కొట్టండి. డప్పులా మోగట్లా? అక్కడ."

పదేళ్ళుగా పటానికి ఎదురుగా నిలబడి పాఠం చెప్పినవాణ్ణి, పశువుకి ఎదురుగా నిలబడేసరికి కుడి ఎడమలు తారుమారు చేశాను. గాలి బుస్సున పోయింది, ఎద్దు బతికింది. ఎవరు నేర్పారని అడిగాను. వాళ్ళ నాన్న అంది. చచ్చిన గొడ్లను ఊళ్ళోవాళ్ళు పేటకు చేరవేస్తే తోలు తీసే పని ఆయనది. ఈమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూపించేవాడట. "కొయ్యకముందే ఇది ఎందుకు చచ్చిందో చెప్పేవాడండీ. తర్వాత కోసి సరిచూసుకునేవాడు. తప్పయితే ఆ పూటంతా మాట్టాడేవాడు కాదు." ముందు ఊహించి చెప్పడం, తర్వాత కోసి సరిచూసుకోవడం, తప్పయితే ఒప్పుకోవడం. మేం శాస్త్రీయ దృక్పథం అని మైకుల్లో అరిచేది ఇదే. ఊరి చివర, దుర్వాసన అని మేం ముక్కు మూసుకుని దాటిపోయే చోట, ఒక మనిషి తన కూతురికి దాన్ని నేర్పాడు.

మా సంఘానికి ఇంకో పని ఉండేది, రోడ్డు మీద బండ్లను ఆపడం. మెడ పుండుతో ఉన్న ఎద్దును కడితే బండివాణ్ణి కేకలేసి, పోలీసులకు చెప్పి, ఎద్దును షెడ్డుకు తోలించేవాళ్ళం. ఒక బండి అతను అలాగే షెడ్డు ముందు తలవంచుకుని నిలబడ్డాడు. మావాళ్ళు క్రూరుడివని తిడుతున్నారు. సువార్తమ్మ ఎద్దు మెడ చూసి, కాడి చూసి, "ఈ కాడి ఈ ఎద్దుది కాదు కదయ్యా, ఎత్తు చాల్లా," అంది. చనిపోయిన పాత ఎద్దు కాడేనని, కొత్తది చేయించుకోలేకపోయానని అతను గొణిగాడు. ఆమె గోనెపట్టా మడిచి, లోపల పాతగుడ్డ పెట్టి, కాడికి మెత్త కుట్టింది. పుండుకి ఏం రాయాలో చెప్పింది. పది రోజులు ఎద్దును కట్టకుండా ఉండేందుకు పేటలో ఎవరి ఎద్దును అడగాలో కూడా చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎద్దుని మీరు లాక్కుంటే రేపు పొద్దున ఈయన బండికి ఏం కట్టాలండీ, తనని తాను కట్టుకోవాలా?" అని అడిగింది. బండి అతను నవ్వాడు. మా కోశాధికారికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఒక సంగతి లోపల కెలకడం మొదలుపెట్టింది. మేం ఎవర్ని ఆపుతున్నాం? కాలినడకన వచ్చేవాళ్ళని, బండి మీద వచ్చేవాళ్ళని. గేటు, గోడ ఉన్న ఇంటి కొట్టంలోకి ఎన్నడైనా తొంగిచూశామా?

చూడలేదు. చూడకపోగా నియమావళి రాయడానికి కూర్చున్నాం. సంఘం రిజిస్టరు చేయించాలని తీర్మానించాం. షెడ్డుకు శాశ్వతంగా ఒక బాధ్యులు ఉండాలి, వారు సంఘ సభ్యులై ఉండాలి. ముసాయిదా నా చేత రాయించారు. ఆరో నియమం రంగారావు గారి సూచన. సభ్యులు శాకాహారులై ఉండవలెను. జీవాల మీద ప్రేమ అంటూ వాటిని తినడం ఏం తర్కమని ఆయన అడిగితే నాకు సబబే అనిపించింది. నేను అప్పటికే మాంసం మానేసినవాణ్ణి, వాదించి వాదించి మానేసినవాణ్ణి. పైగా అందులో కులం అన్న మాట లేదు, మతం అన్న మాట లేదు. అందరికీ ఒకే నియమం. నా చేతిరాతతో అది రాసుకుని నేను గర్వపడ్డాను. కులం అన్న మాట లేదు కాబట్టి అందులో కులం లేదనుకున్నాను. ఒక హేతువాది మాత్రమే చేయగలిగిన తప్పు అది.

సువార్తమ్మకు ఆ పని కావాలి. ఆ మాట నన్ను నోరు తెరిచి అడిగింది. అంతకుముందు ఆమె నన్ను ఏదీ అడగలేదు. "షెడ్డు బాధ్యత నా పేరున ఇప్పించండి మేస్టారూ. డాక్టరుగారొస్తే నన్ను అవతలికి పొమ్మంటారు. నేను కట్టిన కట్టుని చూసి బాగుందంటే కాంపౌండరు నేనే కట్టానంటాడు. పేరంటూ ఉంటే ఏ ఇంటికి పిలిచినా వీధి గుమ్మంలోంచి పోతా. గడ్డివామి పక్కనుంచి పోయీ పోయీ విసుగొచ్చింది." తప్పకుండా అన్నాను. ఆమెకు కాక ఎవరికిస్తారు? రాసినదేదో చదివి వినిపించమంది. ఆమె అయిదో తరగతి చదివింది గానీ నా రాత గొలుసుకట్టు. షెడ్డులో తవుడు బస్తా మీద కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. అయిదు నియమాలకు ఊ కొట్టింది. ఆరోది చదివాక ఊ కొట్టలేదు.

"ఇంకోసారి చదవండి."

చదివాను.

"అయితే ఇందులో మేం లేం కదండీ."

"మానేస్తే సరిపోతుంది కదా సువార్తమ్మా," అన్నాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు నా చెవులు వేడెక్కుతున్నాయి.

"ముసలిదై చచ్చిన గొడ్డుని మా పేటకి ఈడిపిస్తారు. తీసుకెళ్ళకపోతే తిడతారు, తీసుకెళ్తే తిన్నామంటారు. సరే. పాలు తాగేవాళ్ళు ఉండొచ్చా అందులో?"

"ఉండొచ్చు."

"దూడ నోట్లోవి లాక్కుని తాగినా?"

అర్థం కాలేదన్నాను. ఆమె లేచి చెంగు దులుపుకుంది. "రంగారావు గారి ఊరు నా పుట్టిల్లు. ఆయన కొట్టంలో పెయ్యదూడ అయితే బతికిద్ది. దున్నదూడ రెండు నెలలు బతకదు. దానికి వదిలితే పాలు దండగ కదండీ. అది చచ్చాక తోలు ఒలిచి గడ్డి కూరేది మా తమ్ముడే. నమ్మకపోతే రండి, మీ మీటింగు రోజునే చూపిస్తా."

నియమావళి ఆమోదించే సమావేశం రంగారావు గారి ఊళ్ళో, ఆయన ఇంట్లోనే, ఒక ఆదివారం సాయంత్రం అయిదింటికి. గుడివాడలో బస్సెక్కి ఇద్దరం ముదినేపల్లి దారిన వెళ్ళాం. వరి ఉండవలసిన చోట్ల అప్పటికే చేపల చెరువులు వచ్చేశాయి. ఇవన్నీ ఎవరివని సువార్తమ్మ అడిగింది. ఈ పక్కవి రంగారావు గారు కౌలుకిచ్చినవన్నాను.

"ఆయన చేపలు తినరుగా."

"తినరు."

ఆమె కిటికీ వైపు తిరిగి బస్సు దిగేదాకా నవ్వు ఆపుకుంటూనే ఉంది.

నాలుగింటికి పాలు తీసే వేళకు పెరటి దారిన కొట్టం దగ్గరికి వెళ్ళాం. సువార్తమ్మను చూసి పాలు తీసే అతను "ఏవక్కా, ఇటొచ్చావు" అని పలకరించి తన పని తాను చేసుకుపోయాడు. ఒక మూల నుంచి దూడను ఎత్తుకొచ్చి గేదె ముందు నిలబెట్టాడు. దూడ కాదు. తోలు, లోపల గడ్డి, నాలుగు కాళ్ళకు నాలుగు కర్రలు. కళ్ళ దగ్గర కుట్లు. దాని మీద ఉప్పునీళ్ళు చిలకరించాడు. గేదె మెడ చాచి దాన్ని నాకడం మొదలుపెట్టింది. చెవులు నాకింది, వెన్ను నాకింది. నాకుతూ గొంతులో సన్నగా మూలిగింది. పొదుగులోకి పాలు దిగాయి. అతను రెండు తపేలాలు నిండా పిండుకుని, తోలు దూడను చంకన పెట్టుకుని మళ్ళీ మూలన నిలబెట్టాడు. గేదె ఆ మూలకే చూస్తూ ఉండిపోయింది. నేను జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. స్పర్శకు, వాసనకు పాలు ఎలా దిగుతాయో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పగలను. అక్కడ గేదెతో పాటు నేనూ ఆ మూలకే చూస్తూ నిలబడ్డాను.

"లోపల చెప్పండి," అంది సువార్తమ్మ. "నా గురించి కాదు. దీని గురించి. ఇది చూసినవాళ్ళు ఎవరు ఏం తింటున్నారని అడగరు." ఆమె మీటింగు అయ్యేదాకా తమ్ముడింట్లో ఉంటానని పేటకు వెళ్ళిపోయింది. నేను ముందు వాకిట్లోంచి లోపలికి వెళ్ళాను.

తర్వాత జరిగింది చిన్న సంగతి. హాల్లో పద్దెనిమిది మందిమి. కాఫీలు వచ్చాయి, చిక్కటి కాఫీ. అందరూ తాగారు. నేనూ తాగాను. ఆరో నియమం దగ్గర లేచి, ఈ నియమం వల్ల మన షెడ్డును నిలబెట్టిన మనిషే బయటికి పోతుందని చెప్పాను. బాగానే చెప్పాను, నాకు మాట కొత్తా? రంగారావు గారు శ్రద్ధగా విన్నారు. "సువార్తమ్మ సేవ మనందరికీ తెలిసిందే. ఆమె విషయంలో ప్రత్యేక మినహాయింపు ఇద్దాం. గౌరవ సహాయకురాలు అని పెడదాం. బాధ్యత సభ్యుల పేర ఉంటుంది, పని ఆమె చేస్తుంది. నియమాన్ని కదపొద్దు, అది మన సంఘానికి ప్రాణం," అన్నారు. అందరూ తలూపారు. ఆయన గొంతులో అంత మెత్తదనం ఉంది, నా వైపు చూసిన చూపులో అంత ఆప్యాయత ఉంది. ఇప్పుడీ హాల్లో, ఆయన ఇంట్లో, ఆయన కాఫీ తాగుతూ, నలభై అడుగుల అవతల కొట్టంలో ఉన్న దాని గురించి ఎలా చెప్పడం? మర్యాద కాదనుకుని కూర్చున్నాను. దేవుడు లేడని నడివీధిలో అరిచినవాణ్ణి. గడ్డి కూరిన ఒక తోలు గురించి నోరు మెదపలేకపోయాను. తీర్మానం ఏకగ్రీవం అయింది.

బస్సు కోసం నిలబడినప్పుడు సువార్తమ్మకు మినహాయింపు గురించి చెప్పాను. సగమైనా గెలిచామన్నట్టే చెప్పాను.

"దూడ సంగతి చెప్పారా?"

"లేదు."

ఆమె రోడ్డు వైపు తిరిగింది. దూరంగా బస్సు దీపాలు కనిపించాయి. "నాకొక్కదానికి గేటు తీసి గోడ అట్టే ఉంచారు," అంది. "నేను ఆ పని చెయ్యనండీ. రేపట్నుంచి రాను. షెడ్డులో కాలు విరిగిన ఎద్దుకి కట్టు బుధవారం మార్చాలి, మర్చిపోబాకండి." గుడివాడ దాకా నా పక్క సీట్లోనే కూర్చుంది. చెరువుల మీద చీకటి పడుతోంది. కాలేజీలో పిల్లలు ఎలా చదువుతున్నారని ఒకసారి అడిగింది. బాగానే చదువుతున్నారన్నాను.

బుధవారం కట్టు మార్చింది కాంపౌండరు. పది రోజులకు ఎద్దు చనిపోయింది. ఆ తర్వాత నెలకు ఎనిమిది పోయాయో, తొమ్మిది పోయాయో. మేం సంతాపం ప్రకటించడం నేర్చుకున్నాం. నేను నిలవలేకపోయాను. ఒక వ్యాసం రాశాను. కొట్టంలో చూసింది, హాల్లో మింగేసింది, రెండూ రాశాను. ఇంటి పేరు రాయలేదు గానీ నా పేరు రాశాను. అందరికీ అర్థమైంది. రంగారావు గారు ఒక ఉత్తరం పంపారు. "నాతో ఒక్క మాట చెప్పి ఉండవలసింది" అని ఒకటే వాక్యం. ఆ మాట న్యాయమైనదే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కార్యదర్శి పదవి వదులుకున్నాను. అప్పటికి ఏడాదిన్నర ఆలస్యం.

ఒక మధ్యాహ్నం సువార్తమ్మ నుంచి కబురు వచ్చింది, కాగితాలు కలం తెచ్చుకోమని. వాళ్ళ పేట చర్చి వసారాలో పదకొండు మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. దివిసీమలో వేర్వేరు ఊళ్ళవాళ్ళు. అందరూ గొడ్లను ఈనించేవాళ్ళు, కట్లు కట్టేవాళ్ళు, పేరు లేనివాళ్ళు. "మీరు వ్యాసం రాశారట, మంచిది," అంది సువార్తమ్మ. "ఇప్పుడు మేం చెప్తాం, మీరు రాయండి. మీ సొంతం కలపబాకండి." వాళ్ళు చెప్పారు, నేను రాశాను. పిలిచిన ఇంటికి వీధి గుమ్మంలోంచే వెళ్తాం. మా వెనక కడిగే ఇంటికి రెండోసారి వెళ్ళం. దూడకి పాలు వదలని కొట్టంలో చెయ్యి పెట్టం. మేం పద్దెనిమిది మందిమి రెండేళ్ళలో రాయలేనిది మూడు వాక్యాల్లో వచ్చేసింది. చివర, సభ్యులుగా ఎవరెవరి పేర్లు రాయమంటారని అడిగాను. నా పేరు కూడా ఉంటుందనే ఆశ ఆ గొంతులో వినిపించే ఉంటుంది.

"మీకు గేదెని ఈనించటం వచ్చా మేస్టారూ?"

"రాదు."

"అయితే మీరు సభ్యులు కాదండీ." ఆడవాళ్ళంతా నవ్వారు. "వచ్చి కూర్చోండి. కూర్చోటానికి ఎవరూ అడ్డం చెప్పరు."

అలా కూర్చున్నాను, ఏళ్ళ తరబడి. గోడకు అవతల ఉండడం ఎలా ఉంటుందో నలభై దాటాక మొదటిసారి కొద్దిగా తెలిసింది. కొద్దిగానే, ఎందుకంటే నాకు చాప వేసేవారు. వాళ్ళ మాట నెగ్గడానికి కాలం పట్టింది. కొన్ని ఊళ్ళలో వాళ్ళను తిట్టారు, కొన్ని ఊళ్ళలో పనులు ఆపేశారు. మా అత్తయ్య ఏడాది పట్టుబట్టింది. మరుసటి వానాకాలం మళ్ళీ గేదెకు దూడ అడ్డం తిరిగితే మావయ్యే స్వయంగా వెళ్ళి వీధి గుమ్మం తలుపు రెండు రెక్కలూ తీసి నిలబడ్డాడు. అత్తయ్య మనసు మారిందని నేను చెప్పను. గుంజను కడగడం మానేసింది, అంతవరకే నాకు తెలుసు. మనసులు మారేదాకా ఆగుదామన్న వాదం ఎవరిదో, ఆగగలిగినవాళ్ళదేనని సువార్తమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

రెండువేల దశకం చివర్లో ఆమెకు ఆయాసం ముదిరింది. చూడటానికి వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, ఎవరో తెచ్చిన మేకపిల్ల కాలిని పరీక్షిస్తోంది. అది విరగలేదని, బెణికిందని చెప్పి పంపించింది. ఇద్దరమే ఉన్నప్పుడు, అన్నేళ్ళుగా అడగాలనుకుని అడగనిది అడిగాను.

"ఆ రోజు హాల్లో నేను చెప్పి ఉంటే ఏమయ్యేది సువార్తమ్మా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. నన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి అనెయ్యడం ఆమెకు చేతకాదు.

"ఏమీ అయ్యేది కాదండీ. ఆ రూలు పోయేది కాదు. నాకు పనీ వచ్చేది కాదు." ఊపిరి కోసం ఆగింది. "మీకు నిద్ర పట్టేది."

పట్టడం లేదని ఆమెకు ఎలా తెలిసిందో నేను అడగలేదు. పశువును చూడగానే ఎక్కడ నొప్పో పట్టుకునే మనిషి, నన్ను అన్నేళ్ళు చూసింది. ఆ వేసవిలోనే పోయింది. ఇప్పుడు నేను సభల్లో పనికిరాని మనిషినని పేరు పడ్డాను. అందరూ మంచివాళ్ళే కూర్చుని, అందరికీ సమ్మతమైన మాట ఒకటి అనుకుని, ఇక ఏకగ్రీవం అనబోతుండగా నా కాళ్ళు ఆగవు. లేచి నిలబడతాను. చాలాసార్లు ఏం చెప్పాలో తెలియకుండానే నిలబడతాను. పక్కవాళ్ళు పంచె పట్టుకుని లాగుతారు, వేదిక మీదివాళ్ళు గడియారం చూసుకుంటారు. నిలబడే ఉంటాను. కాసేపటికి మాట వస్తుంది.